పాత బండ్లలో కొత్తది

కొత్త బండి కొనాలా, పాత బండి కొనాలా అని తర్జనభర్జన పడేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. శ్రీకూర్మంలో ఓ డ్రైవరుకు వచ్చిన చిక్కు వేరు. ఆయన కొనగలిగేది ఎలాగూ సెకండ్ హ్యాండ్ పికప్పే. ఆ పాతవాటిలో ఎంత కొత్తది కొనాలన్నదే ప్రశ్న. వినడానికి చిన్న తేడాలాగే ఉంటుంది కానీ ఆ ఇంట్లో రెండు నెలలపాటు అన్నం దగ్గర అదే మాట, పడుకునే ముందు అదే మాట.

ఆయనకు యాభై ఆరేళ్లు. 2009 మోడల్ టాటా ఏస్ ఉంది. 2005లో ఏస్ మార్కెట్లోకి వచ్చాక పల్లెల్లో అంతకుముందు ఎడ్లబండీ, రిక్షా చేసిన పనంతా అదే చేసింది. ఉత్తరాదిన ‘ఛోటా హాథీ’ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. రెండు సిలిండర్ల ఇంజను, 16 హార్స్‌పవర్, ముప్పావు టన్ను లోడు. అంతే! గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్లు తిరిగే ఊరు కదా, ‘స్వామివారి తాబేలు ముందు పోతాది, ఎనకాల నా బండి’ అని ఆయన తన మీద తనే జోకు వేసుకునేవాడు. ఫాల్గుణంలో డోలోత్సవానికి అరటిగెలలూ కొబ్బరికాయలూ, కోతలప్పుడు ధాన్యం, పెళ్లిళ్లకు షామియానా సామాను, మిగతా రోజుల్లో సిమెంటు, ఇనుము... శ్రీకాకుళం 15 కిలోమీటర్ల లోపే. పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు.

అలా పదహారేళ్లు గడిచాయి. సరుకు రవాణా బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఎఫ్‌సీ చేయించాలి. పదిహేనేళ్లు దాటినవాటికి 2022 ఏప్రిల్ 1 నుంచి ఆ ఫీజులు బాగా పెరిగాయి. అయినా ఆయన్ను నొప్పించింది ఫీజు కాదు, ధాన్యం బస్తా. బస్తా 80 కిలోలు. ముప్పావు టన్నంటే తొమ్మిది బస్తాలు. ఒకటిన్నర రెట్లు వేసుకుని పోయే రోజులు ఉండేవిగానీ, ఇప్పుడు బండికీ ఆ ఓపిక లేదు, ఆయనకూ లేదు. పికప్ ఉన్నవాడు పదహారు బస్తాలు ఒక్క ట్రిప్పులో మిల్లుకు చేరుస్తాడు. రైతు ఎవరిని పిలుస్తాడు? ఏడాదికేడాది ఫోన్లు తగ్గాయి.

కొడుకు హైదరాబాద్‌లో ఓ గోడౌన్లో పనిచేస్తున్నాడు. జీతం 18 వేలు. అందులో గది అద్దె, తిండి పోగా ఇంటికి వచ్చేది ఎంతో ఈ జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వలస వెళ్లని ఇల్లు ఏదని వెతుక్కోవాల్సిన ప్రాంతం ఇది. పికప్ మాట ఎత్తింది అతనే. ఓ రాత్రి ఫోన్లో వీడియో పంపాడు. 2022 మోడల్, పాలనురుగులా తెల్లగా ఉంది. ధర 6 లక్షల 40 వేలు. ‘‘నాన్నా, ఇది తీసుకుంటే నేను వచ్చేస్తాను. ఇంక ఎల్లను’’ అన్నాడు.

ఆ చివరి మాటే తండ్రికి నిద్ర లేకుండా చేసింది.

ముందు శ్రీకాకుళంలో తన మెకానిక్ దగ్గరికి వెళ్లాడు. ఏస్ ఇంజను నాడి ఆ మనిషికే తెలుసు. వీడియో చూసి ‘‘మావా, ఇది బీఎస్-6. నా పానాలు దీనికి సరిపోవు’’ అన్నాడు మొహమాటం లేకుండా. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్మేవి బీఎస్-6 బండ్లే. పొగ తగ్గించడానికి డీజిల్ బండ్లకు మసి పట్టే ఫిల్టరు పెట్టారు. దాన్ని డీపీఎఫ్ అంటారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. హైవే మీద తిరిగే బండికి ఏ బాధా లేదు. చేను దగ్గర్నుంచి మిల్లుకు నాలుగు కిలోమీటర్లు, అక్కడ గంట ఆగడం, మళ్లీ నాలుగు కిలోమీటర్లు... ఇలా తిరిగితే మసి కాలదు, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. అప్పుడు స్కానరు ఉన్న చోటికి పరుగెత్తాలి. పొగ తగ్గడం మన పిల్లల ఊపిరితిత్తులకు మంచిదే, ఆ టెక్నాలజీని తిట్టి లాభం లేదు. కానీ కోతల రోజుల్లో బండి రెండు రోజులు షెడ్డులో ఉంటే, ఆ సీజన్ రైతు మళ్లీ పిలవడు.

మెకానిక్ మరో దారి చెప్పాడు. 2017 ఏప్రిల్ నుంచి 2020 మార్చి దాకా అమ్మిన బీఎస్-4 బండి వెతకమన్నాడు. వాటిలోనూ ఎలక్ట్రానిక్స్ ఉన్నాయిగానీ, చాలావరకు స్థానికంగా బాగుచేసేవాళ్లు తయారయ్యారు.

సరే, వెతకడం మొదలైంది. విశాఖపట్నం వైపు యార్డుల్లో ఫైనాన్సు వాళ్లు స్వాధీనం చేసుకున్న బండ్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. ఆయన అవి చూసి వచ్చి రెండు రోజులు మాట్లాడలేదట. ‘‘ఒక్కో బండీ ఒక్కో ఇల్లు’’ అన్నాడు భార్యతో. వాయిదా కట్టలేకపోయిన ఇల్లు అని ఆయన ఉద్దేశం. తక్కువ ధరకు వస్తున్నా వాటి జోలికి పోలేదు. ఇది తెలివైన నిర్ణయమని చెప్పలేం. కాగితాలు సరిగ్గా ఉంటే అక్కడ మంచి బండ్లూ దొరుకుతాయి. మనసు ఒప్పుకోలేదు, అంతే.

కళింగపట్నం వైపు నుంచి ఓ 2020 మోడల్ వచ్చింది. కొత్త పెయింటు, కొత్త సీటు కవర్లు. ఈ తీరంలో పుట్టి పెరిగినవాడికి అక్కడే అనుమానం. తువ్వాలు పరుచుకుని బండి కిందికి దూరాడు. తొట్టి అడుగున అడ్డపట్టీల మీద పెయింటు గోటితో గీస్తే పెచ్చులుగా ఊడింది. లోపలంతా తుప్పే! చేపల లోడుకు తిరిగిన బండి అది. ఐసు కరిగిన ఉప్పునీరు రోజూ కారి, ఛాసిస్‌ను లోపల్నుంచి తినేస్తుంది. ఇంజను ఎంత బాగున్నా వెన్నెముక లేని మనిషిలాంటిదే. అందుకే మన కోస్తా ఊళ్లలో పాత బండి కొనేవాళ్లు ముందు బానెట్ ఎత్తకూడదు, ముందు కిందికి వంగాలి.

చివరికి నరసన్నపేట దగ్గర ఓ ఫర్నిచర్ వ్యాపారి బండి దొరికింది. 2019 మోడల్, బీఎస్-4. చెప్పిన ధర 4 లక్షల 40 వేలు. మెకానిక్‌ను వెంటబెట్టుకుని తెల్లవారుజామునే వెళ్లాడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేస్తేనే దాని రోగం బయటపడుతుంది. ముందే వేడిచేసి ఉంచితే అనుమానించాల్సిందే. ఆయిల్ మూత తీసి ఆవిరి ఎంత కొడుతోందో చూశారు. కమాన్ కట్టల్లో అదనపు పట్టీ వేయించారా అని లెక్కపెట్టారు. వేయిస్తే ఓవర్‌లోడు కొట్టిన బండన్నమాట. మీటరు చూపే కిలోమీటర్లకూ, క్లచ్ పెడల్ రబ్బరు అరుగుదలకూ పొంతన ఉందో లేదో చూశారు. ఛాసిస్ మీద చెక్కిన నంబరు ఆర్‌సీతో సరిపోయింది. ఆర్‌సీలో మాత్రం ఫైనాన్సు పేరు ఇంకా ఉంది. అప్పు తీరిపోయిందని వ్యాపారి చెప్పాడు. తీరితే చాలదు. ఫైనాన్సు వాళ్ల ఎన్‌ఓసీ తెచ్చి, ఫారం 35తో ఆ పేరు తీయించాలి. ఆ తర్వాతే 29, 30 ఫారాలతో పేరు మార్పు. ఇంకో మాట. బండి, లోడు కలిపిన మొత్తం బరువు 3000 కిలోలు మించితే పర్మిట్ కూడా కావాలి. పికప్‌లలో కొన్ని ఆ గీతకు ఇటూ, కొన్ని అటూ ఉంటాయి. ఇది ఇటే ఉంది.

బండి నచ్చింది. ఇక అప్పు. ఫైనాన్సు కుర్రాడు ఇంటికే వచ్చాడు. చేతిలో ఉన్నది 90 వేలు. మూడున్నర లక్షలు అప్పు కావాలి. ‘‘బ్యాంకు 15 శాతం అంటోంది కదండీ, మేం 9 శాతానికే ఇస్తాం, ఫ్లాట్’’ అన్నాడు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే! ఫ్లాట్ అంటే అసలు తరుగుతున్నా మొదటి రోజు మొత్తం మీదే చివరిదాకా వడ్డీ. 36 నెలలకు 94,500 వడ్డీ, నెలకు 12,347 కిస్తీ. బ్యాంకు 15 శాతం తరిగే బాకీ మీద. దాని కిస్తీ 12,133. తొమ్మిదే ఎక్కువ, పదిహేనే తక్కువ! కుర్రాడి తొమ్మిదిని బ్యాంకు లెక్కలోకి మారిస్తే 16 శాతం దాటుతుంది.

కొడుకు సెలవు పెట్టి వచ్చాడు. ఇద్దరూ నోటుబుక్కు తెరిచారు. 2025 ఖరీఫ్ కోతల్లో ఆయన పన్నెండు రోజులు పక్కూరి పికప్ అద్దెకు తీసుకుని తిప్పి చూశాడు. ఆ లెక్క, పాత లెక్కలు కలిపితే, కోతల నెలలూ ఆషాఢంలాంటి ఖాళీ నెలలూ సగటు తీస్తే, డీజిల్ పోగా నెలకు 31 వేలు. ఇన్సూరెన్సు, టైర్లు, ఆయిలు, ఎఫ్‌సీ కింద నెలకు 6 వేలు పక్కన పెట్టాలి. మిగిలేది 25 వేలు. 2022 బండి కొంటే ఐదున్నర లక్షలు అప్పు, కిస్తీ 19 వేలు. 2019 బండికి 12 వేలు.

‘‘రెండూ గిట్టుబాటే నాన్నా’’ అన్నాడు కొడుకు.

గడప దగ్గర కూర్చున్న తల్లి అడిగింది... ‘‘మరి గుంటడి జీతం ఏదీ?’’

నిజమే. ఎక్కడా రాయలేదు. మన ఇళ్లలో పొలం లెక్కలైనా, కిరాణా కొట్టు లెక్కలైనా ఇంతే. ఇంటివాడి కష్టం లెక్కలోకి రాదు. బయటి డ్రైవరును పెట్టుకుంటే 15 వేలు ఇవ్వాలి. అది రాస్తే 2022 బండి నెలకు 9 వేలు నష్టం. 2019 బండి కూడా 2 వేలు నష్టమే. అంటే బండి సంపాదించడం లేదు. కొడుకు ఊరికే పనిచేసి ఫైనాన్సు కంపెనీకి కిస్తీ కడుతున్నాడన్నమాట. రెండేళ్లు అలా చేసి విసిగి మళ్లీ హైదరాబాద్ రైలెక్కితే, ఈసారి వెనక అప్పు కూడా ఉంటుంది.

ముగ్గురూ చాలాసేపు మాట్లాడలేదు.

మర్నాడు తండ్రి ఒక్కడే నరసన్నపేట వెళ్లాడు. సరుకు రవాణా బండ్ల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించారు. పది లక్షల కొత్త బండి మీద దాదాపు 78 వేలు తగ్గినట్టు. ‘‘కొత్తదే దిగితే పాతది అక్కడే నిలబడతాదేటండీ’’ అని అడిగాడు. వ్యాపారి నవ్వాడు, కాసేపు గునిశాడు, 4 లక్షల 5 వేలకు దిగాడు. అక్కడితో చాలలేదు. ఇంటికి వస్తూ దారిలోనే ఏస్‌ను బేరం పెట్టేశాడు. ఆ ఊసు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఓ కూరగాయల వ్యాపారి 75 వేలకు తీసుకున్నాడు. దాంతో అప్పు 2 లక్షల 40 వేలకు తగ్గింది. కిస్తీ 8,320. ఇప్పుడు జీతం రాసినా నెలకు 1,680 మిగులుతుంది.

కొడుకు అభ్యంతరం చెప్పాడు. ‘‘ఏస్ ఉంటే నువ్వూ తిప్పుకుంటావు కదా. మరి నువ్వేం చేస్తావు?’’ లైసెన్సు పరంగా అతనికి ఇబ్బంది లేదు. 7500 కిలోల లోపు సరుకు బండ్లకు మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సు చాలని సుప్రీంకోర్టు 2017లో చెప్పి, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం ద్వారా ఖాయం చేసింది. సమస్యల్లా బండి ఒక్కటి, స్టీరింగు ఒక్కటి. పదహారేళ్లు కూర్చున్న సీటు ఎవరో ఒకరు ఖాళీ చేయాలి.

‘‘నాకు కళ్లజోడు నంబరు మారింది. రాత్రిళ్లు ఎదుటి లైట్లు పడతన్నాయి’’ అన్నాడాయన. అది నిజమో, అప్పటికప్పుడు అన్న మాటో భార్యకే తెలియాలి. లోడు కుదర్చడం, మిల్లుల దగ్గర డబ్బు వసూలు చేయడం తను చూసుకుంటానన్నాడు.

ఎన్‌ఓసీ రావడానికి పది రోజులు పట్టింది. పేరు మారే దాకా పూర్తి సొమ్ము ఇవ్వనని ఆయన పట్టుబట్టాడు, మంచి పనే చేశాడు. బండి వచ్చిన రోజు గుడి ముందు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వెంటనే బేరం వచ్చింది. పెళ్లివాళ్లు సామానుతోపాటు పాతికమందిని కూడా ఎక్కించుకోమన్నారు. సరుకు బండిలో ప్రయాణికులను ఎక్కిస్తే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు వర్తించదు. ‘‘సామానైతే ఎంతైనా తెస్తాం, మనుషుల్ని మాత్రం బస్సులో పంపండి’’ అన్నాడు తండ్రి. ఆ బేరం పోయింది.

మరుసటి నెల ఒకటో తారీఖున ఆయన 15 వేలు లెక్కపెట్టి కొడుకు చేతిలో పెట్టాడు. ‘‘ఇంట్లో వాడికి జీతమేటి నాన్నా’’ అని అతను సిగ్గుపడుతూ తల్లికివ్వబోయాడు. ఆమె తీసుకోలేదు. 5 వేలు ఇంటి ఖర్చుకు పెట్టి మిగతావి బ్యాంకులో వేసుకోమంది.