కాపితొ, కపీతొ, కపితో

చాలా రోజులకు రాస్తున్నం. పై చదువుకు ఇటలీ పోదామని మేం ముగ్గురం ఆరు నెలలుగా ఇటాలియన్ నేర్చుకుంటున్నం. మమ్మల్ని బాగా సతాయించింది క్రియలే.

మొదట అలకగనే అనిపించింది. మాటలు చాలావరకు తెలుగు లెక్కనే అచ్చుతో ముగుస్తయి. కానీ పలికేటప్పుడు బరువు ఎక్కడ వేయాలో రాతలో కనబడదు. చివరి అచ్చు మీద పడితేనే గుర్తు పెడతరు. (కింద మేం దీర్ఘం పెట్టిన చోట బరువు అనుకోండి.) కాపితొ అంటే అనుకోకుండా వచ్చి పడతాను. కపీతొ అంటే అర్థమైంది. కపితో అంటే జరిగింది. మొదటి రెండూ రాస్తే ఒకటే!

"అర్థమైందా?" అని మేడం అడిగితే ముగ్గురం గట్టిగా "కాపితొ" అన్నం. ఆమె నవ్వలేదు, సరిచేసింది అంతే. మాకు మాత్రం ఆరో తరగతి యాదికొచ్చింది. ఇంట్లో కోయ మాట్లాడి బడికి పోయిన మేం తెలుగులో నోరు తెరిస్తే, యాస చూసి క్లాసంతా నవ్వేది. ఆ తర్వాత చెయ్యి ఎత్తడమే మానేసినం. ఇక్కడ పట్నం పిల్లలు కూడా మా లెక్కనే తప్పుతున్నరు. అది చూసి, ఏండ్ల తర్వాత చెయ్యి ఎత్తినం.

"వాళ్లు మాట్లాడతారు" అనడానికి అందరం పర్లానొ అనేవాళ్లం. సరైంది పార్లనొ. కిటుకు ఏందంటే, "నేను" రూపం పార్లొలో బరువు ఎక్కడుందో "వాళ్లు" రూపంలోనూ అక్కడే ఆగుతది, చివర ఎంత తోక పెరిగినా సరే. నేను ఫోన్ చేస్తా: తెలేఫొనొ. వాళ్లు చేస్తారు: తెలేఫొననొ. "మేము"కు వస్తే మాత్రం బరువు ముందుకు జరుగుతది: పర్ల్యామొ.

మాట విడగొట్టేటప్పుడు తెలుగు ఒత్తు సగం సాయం చేసింది, సగం ముంచింది. "నాకు తెలుసు" అనే మాట కొ-నో-స్కొ, స్ తర్వాతి ముక్కతోనే పోతది, మన అక్షరం లెక్కనే. కానీ పార్-లొలో ర్ వెనకే ఆగుతది. "చదువుతాను" అనే లెగ్-గొలో జంట హల్లు రెండుగా చీలుతది. మేం పా-ర్లొ, లె-గ్గొ అని రాసి మార్కులు పోగొట్టుకున్నం.

రాత్రిపూట హాస్టల్‌లో చప్పట్లు కొడుతూ చదువుతున్నం, పక్క రూమోళ్లు తిడుతున్నరు. బుధవారం నోటి పరీక్ష. ఒక్కటి ఇంకా కుదరట్లేదు: దిమెంతికనొ, అంటే వాళ్లు మర్చిపోతారు. బరువు మెన్ మీద వేయాలె. మేం ఇప్పటికీ కా మీదే వేస్తున్నం.