ఇనుము తగ్గించిన షెడ్డు

అనంతపురం వైపు నుంచి కదిరి, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం మీదుగా కృష్ణగిరికి పోయే 42వ నంబరు జాతీయ రహదారి మీద ఏ ఊరి పొలిమేరలో ఆగినా ఒక వెల్డింగు షెడ్డు కనబడుతుంది. ముందు ఎర్ర ప్రైమరు పూసిన ట్రాక్టర్ ట్రాలీ, పక్కన సగం అతికిన నీళ్ల ట్యాంకరు, మూలన పాత లారీ కమాను పట్టీల గుట్ట. ఈ సీమలో టమాటాలూ ఇటుకలూ రాళ్లూ చాలామటుకు ఇలాంటి షెడ్లలో పుట్టిన బండ్లమీదే కదులుతాయి. మదనపల్లె దగ్గర ఇలాంటి షెడ్డులోనే, ట్రాలీల మధ్య, నిలబడితే నా భుజం ఎత్తుకు వచ్చే చిన్న ట్రైలరు ఒకటి కనిపించింది. జీపు వెనక తగిలించుకుని కొండదారుల్లో వెళ్లి, రాత్రికి అందులోనే పడుకుని, పొద్దున్నే వెనక తలుపెత్తి కాఫీ పెట్టుకునే బండి అది.

దాని యజమాని పుంగనూరు వాడు, ఉద్యోగం బెంగళూరులో. కాగితాలున్న ఖాళీ ట్రైలరు కొన్నాడు. మిగతా పని సొంత సీమలోనే చేయించాలని దాన్ని మదనపల్లెకు లాక్కొచ్చాడు. అడుగుభాగం ఇక్కడ, పైభాగం పుంగనూరులో, పరీక్ష కుప్పం దారుల్లో. మూడు చోట్లా వాళ్ల వెంట ఉంటానని అడిగితే ఒప్పుకున్నాడు.

ఈ తరహా బండికి మూలపురుషుడు యుద్ధకాలపు జీపు ట్రైలరు. 1940లో జీపు నమూనాను మొదట తయారుచేసింది అమెరికాలోని బాంటమ్ కంపెనీ. పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ పోయాయి. బాంటమ్ చేతికి జీపు వెనక లాగే పావు టన్ను ట్రైలర్ల పని వచ్చింది. అందులో మూడు తెలివైన పనులు చేశారు. చక్రాలు, టైర్లు జీపువే పెట్టారు. రెండు చక్రాల మధ్య దూరం కూడా జీపుదే ఉంచారు, అందుకే బురదలో జీపు తొక్కిన జాడలోనే ట్రైలరు నడిచేది. తొట్టిని నీళ్లలో తేలేలా చేశారు. 1947 తర్వాత మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపును మన దేశంలో బిగించడం మొదలుపెట్టారు. ఆ వరసలో వచ్చిన బొలెరో ఇప్పుడు రాయలసీమ పల్లెల్లో ఇంటి బండి. ఈ ట్రైలరును లాగేదీ బొలెరోనే.

మదనపల్లె మేస్త్రి తండ్రి ఎద్దులకు టైరు బండ్లు చేసేవాడట. ఈయన ట్రాలీలు చేస్తాడు. ట్రైలరు కిందికి దూరి బయటికొచ్చి మొదట అన్న మాట ఇదీ: "లారీ పట్టీలు ఏసినారు సార్ దీనికి. టన్నులు మోసే పట్టీ ఈ బరువుకు వంగుతాదా? పట్టీ వంగకపోతే గుంతలో పడినప్పుడల్లా బండే ఎగురుతాది. లోపలున్న గిన్నె, గ్లాసు అన్నీ పొడే."

కమాను పట్టీ పని వంగడం. దాన్ని కట్టేటప్పుడు ఎంత బరువు మోయగలదో చూసినట్టే, ఎంత బరువుకు వంగుతుందో కూడా చూడాలి. ఆయన కట్ట విప్పి అడుగు పట్టీలు కొన్ని తీసేశాడు. పొడుగాటి పైపట్టీలు ఉంచి, వాటి మధ్య గ్రీజు రాసి, యూ బోల్టులు కొత్తవి వేసి, రెండు వైపులా షాక్ అబ్జార్బర్లు బిగించాడు. హబ్బులు మార్చి బొలెరో చక్రం నేరుగా పట్టేలా చేశాడు. టైరు కొలత ఎటూ రెండింటికీ ఒకటే, 215/75 ఆర్15. దాంతో జీపుకున్న స్టెపినీ ట్రైలరుకూ పనికొస్తుంది, ట్రైలరుది జీపుకూ పనికొస్తుంది. అడవిదారిలో పంచరైనప్పుడు దీని విలువ తెలుస్తుంది.

తర్వాత నొగ మీద బరువు సంగతి వచ్చింది. ట్రైలరు మొత్తం బరువులో సుమారు పదో వంతు ముందుకు, జీపు కొక్కెం మీదికి రావాలి. వెనక బరువెక్కితే వేగం పెరిగేకొద్దీ ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది. అది ఒకసారి ముదిరితే జీపును కూడా పల్టీ కొట్టించగలదు. ఈ లెక్క ఏ పుస్తకంలో చూశారని అడిగితే మేస్త్రి నవ్వాడు.

"పుస్తకమెందుకు సార్? ఎద్దులబండికి కాడి మీద కొంచెం బరువుండాల. ఎనక్కి మొగ్గితే కాడి పైకి లేస్తాది, ఎద్దుల మెడ బిగిస్తాది. ముందుకు బో ఎక్కువైతే ఎద్దు మోకాళ్ల మీద పడతాది. మా నాయన మూటలు ఎక్కించేటప్పుడు చేత్తో నొగ ఎత్తి చూసేవాడు."

ఆయన కూడా ముందు చేత్తోనే ఎత్తి చూశాడు. తర్వాత యజమాని తెచ్చిన బాత్రూము తూకాన్ని నొగ కింద పెట్టి చూపిస్తే తల ఊపాడు. ట్రాలీకి ఉండే హుక్కూ పిన్నూ ఇక్కడ పనికిరావు. వాటి మధ్య సందు ఎక్కువ, బ్రేకు వేసిన ప్రతిసారీ వెనకనుంచి గుద్దుతుంది. కార్లకు వాడే 50 మిల్లీమీటర్ల గుండు కొక్కెం తారురోడ్డుకు బాగానే ఉంటుంది గాని, రాళ్లదారిలో జీపు ఒక పక్కకీ ట్రైలరు ఇంకో పక్కకీ ఒరిగితే గుండు మీద కూర్చునే గిన్నె దాని మెడకు తగిలి ఆగిపోతుంది. అందుకని తన చుట్టూ తాను తిరిగే కొక్కెం బిగించారు. ఒకవేళ అది విడిపోయినా ట్రైలరు రోడ్డున పడకుండా నొగ కింద రెండు గొలుసులు అడ్డంగా దాటించి కట్టారు.

ఒక్క చోట మేస్త్రికీ యజమానికీ మాట పట్టింపు వచ్చింది. అడుగు చట్రానికి అడ్డంగా ఇంకో రెండు సి-చానళ్లు వేద్దామన్నది మేస్త్రి పట్టు. ట్రాలీ అలవాటు అది. ఇసుకా రాయీ ఎంత పోసినా తట్టుకోవాలంటే ఇనుము పెంచడమే దారి. 75 మిల్లీమీటర్ల సి-చానల్ మీటరుకు దగ్గరదగ్గర ఏడు కిలోలు తూగుతుంది. వద్దని యజమాని గట్టిగా అన్నాడు. చివరికి చానల్ మానేసి, మూలల్లో మాత్రమే ముక్కోణపు గస్సెట్ ముక్కలు అతికించారు. బలం ఎక్కడ కావాలో అక్కడే చేరింది.

పుంగనూరు అక్కడికి అరగంట ప్రయాణం. ఊరి పేరు చెప్పగానే పొట్టి ఆవులు గుర్తొస్తాయి. మేం వెళ్లింది ఒక వడ్రంగి కొట్టుకు, దాని పక్కనే ఉన్న ఇన్వర్టర్ల దుకాణానికి. వడ్రంగి గోడలకు 16 గేజి ఇనుప రేకు వేద్దామని మొదలుపెట్టాడు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పున్న ఆ రేకు ఒక్కటే 37 కిలోలు. అదే కొలతలో, దుకాణాల బోర్డులకు వాడే మూడు మిల్లీమీటర్ల ఏసీపీ పలక అందులో సుమారు మూడో వంతే తూగుతుంది. గోడలకూ పైకప్పుకూ ఏసీపీ, నేలకు నీళ్లకు ఉబ్బని మెరైన్ ప్లైవుడ్ అనుకున్నారు. వెనక వంటగది తలుపు పైకి లేచి చూరులా నిలుస్తుంది. చట్రం వెనక అంచు కిందిభాగాన్ని ఏటవాలుగా కోశారు. వాగు దాటి గట్టెక్కేటప్పుడు తోక నేలకు తగలకుండా ఉండటానికి అది.

మట్టిదారిలో పోయే బండి వెనక గాలి పలచబడి దుమ్మును లోపలికి లాక్కుంటుంది. మన బస్సుల్లో వెనక సీటు వాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. తలుపుల చుట్టూ రెండు వరసల రబ్బరు బీడింగు పెట్టి, ముందువైపు వడపోత గుడ్డ ఉన్న గాలి కిటికీ ఒకటి అమర్చారు. నడుస్తున్నప్పుడు ముందునుంచి గాలి లోపలికి వస్తే లోపలి ఒత్తిడి పెరిగి, దుమ్ము సందుల్లోంచి దూరదు.

నీళ్ల ట్యాంకు అరవై లీటర్లది, అంటే నిండితే అరవై కిలోలు. దాన్ని సరిగ్గా ఇరుసు పైన, నేలకు దగ్గరగా పెట్టారు. నిండుగా ఉన్నా ఖాళీ అయినా నొగ మీద బరువు మారకూడదు కదా. లోపల అడ్డు పలకలు ఉన్నాయి, మలుపుల్లో నీళ్లన్నీ ఒకేసారి ఒక పక్కకు విసురుగా పోకుండా. గ్యాసు ఐదు కిలోల చిన్న సిలిండరు. వంటగ్యాసు గాలికంటే బరువు, లీకైతే కిందికి దిగి పేరుకుంటుంది. అందుకే సిలిండరు అర నేలకు రెండు పెద్ద రంధ్రాలు చేశారు, ఆ అరకూ పడక గదికీ మధ్య గోడను పూర్తిగా మూసేశారు. పైన కిటికీ ఉంది కదా చాల్లే అనుకునేవాళ్లు ఇది గమనించాలి.

ఇన్వర్టరు దుకాణం కుర్రాడు ఇళ్లలో వాడే ట్యూబులర్ బ్యాటరీ చూపించాడు. 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ యాభై కిలోలు దాటుతుంది, పైగా అందులో సగం కరెంటే వాడాలి. 100 ఆంపియర్ అవర్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ పన్నెండు కిలోలు, వాడుకోదగ్గ కరెంటు మాత్రం దాదాపు అంతే లేదా ఎక్కువే. ధర ఎక్కువ. యజమాని దానికే ఒప్పుకున్నాడు. పైకప్పు మీద సోలారు పలక, లోపల రెండు లైట్లు, ఒక ఫ్యాను, చిన్న ఫ్రిజ్జు. 12 వోల్టుల్లో సన్నటి తీగ వేస్తే దారిలోనే కరెంటు వేడిగా వృథా అవుతుంది. అందుకే లావు తీగ, బ్యాటరీకి జానెడు దూరంలోపే ఫ్యూజు.

కుప్పం చుట్టుపక్కల గ్రానైటు క్వారీల దారులు ఇలాంటి బండికి మంచి పరీక్ష. లారీ చక్రాలు తవ్విన గాడులు, నలిగిన రాయి, వాన పడితే జారే ఎర్రమట్టి. టైర్లలో గాలి కాస్త తగ్గించి నెమ్మదిగా తిప్పారు. మదనపల్లె వెల్డింగు ఒక్కచోట కూడా చిట్లలేదు. ఊడిపోయినవి పుంగనూరు రివెట్లు. అదురుకు పాప్ రివెట్లు ఒక్కొక్కటే వదులై, వంటగది సొరుగు తెరుచుకుని చెంచాలన్నీ నేలపాలు. వాటి స్థానంలో లాకు నట్టున్న బోల్టులు, పలకల మధ్య సాగే గమ్ము వాడాలని అక్కడే తేలింది. ఇంటి బీరువాకూ బండి బీరువాకూ తేడా వడ్రంగికి చెప్పాల్సిన అవసరం లేకుండా ఆ చెంచాలే చెప్పాయి.

రాత్రి బస గురించి కుప్పంలో అందరూ చేసిన హెచ్చరిక ఒకటే: ఏనుగులు. 1980ల్లో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చి స్థిరపడ్డాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. మడికీ మామిడికీ రాత్రంతా కాపలా కాసే రైతులున్న చోట, బెల్లమూ అరటిపళ్లూ నింపిన రేకు డబ్బాలో పడుకోవడం తెలివైన పని కాదు. అభయారణ్యంలో అనుమతి లేకుండా బస నేరం కూడా. యజమాని ఊరికి దగ్గరలో తెలిసినవాళ్ల మామిడితోటలో దిగాడు.

తిరుగుదారిలో గ్రానైటు లారీలు తూచే కాటా మీద ట్రైలరును ఎక్కించారు. నీళ్లు, గ్యాసు, సామాన్లతో సహా 750 కిలోల లోపే ఉంది. ఆ అంకె ముఖ్యం. అంతవరకు బరువున్న ట్రైలరు మన నిబంధనల్లో అన్నిటికంటే తేలికైన తరగతిలోకి వస్తుంది. అది దాటితే బ్రేకుల నిబంధనలు మారతాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రైలరును కూడా మోటారు వాహనంగానే లెక్కిస్తుంది, రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కకూడదు. అదే చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా మార్పులు చేయకూడదు. ఈ విషయాన్ని 2019లో సుప్రీంకోర్టు మరోసారి స్పష్టం చేసింది. నొగ పొడిగిస్తే రివర్సు తేలికవుతుందని మేస్త్రి చెప్పినా యజమాని ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

నాకు తేలింది ఇదీ. పట్టీ ఎక్కడ మెత్తగా ఉండాలో, నొగ మీద ఎంత మొగ్గాలో ఈ షెడ్లకు ఎప్పుడో తెలుసు. రావాల్సింది ఇనుము తగ్గించే ధైర్యం, కాగితం చదివే అలవాటు. ఇలాంటి బండి చేయించుకోవాలనుకునేవాళ్లు ముందు రవాణా శాఖ కార్యాలయంలో ఏది మార్చవచ్చో రాతపూర్వకంగా అడగండి. తర్వాత షెడ్డుకు వెళ్లండి. పని పూర్తయ్యాక డబ్బు ఇచ్చే ముందు బండిని సామాన్లతో సహా దగ్గరలోని కాటా మీద పెట్టి చీటీ తీసుకోండి.