నీలిపొగ

2024 మార్చిలో ఒక ఆదివారం ప్రొద్దున్నే మొగల్తూరు నుంచి తమ్ముడు ఫోను చేశాడు. "అన్నయ్యా, బండికి బేరం వచ్చింది. నువ్వు కూడా ఉంటే బాగుంటుంది" అన్నాడు. కొన్ననాడు ప్రక్కన నిలబడినవాణ్ణి నేనే కనుక అమ్మేనాడు కూడా ఉండాలని వాడి ఉద్దేశ్యం కాబోలు. కొన్ననాడు నేను వెలగబెట్టిన నిర్వాకం గురించి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు. ఇప్పుడు చెబుతాను. మీలో ఎవరికైనా పాతబండి కొనే ఆలోచన ఉంటే అక్కరకు రావచ్చు. లేనివారికి ఒక మెకానికల్ ఇంజనీరు భంగపాటు చదివిన సంతోషమైనా దక్కుతుంది.

మా ఊరు లోకానికి సినిమా వాళ్ళ ఊరుగా తెలుసు. కృష్ణంరాజు గారిదీ, చిరంజీవి గారిదీ ఊరంటే మరి వేరే చిరునామా అక్కరలేదు. ఊళ్ళో ఉన్నవాళ్ళకు మాత్రం అది కొబ్బరికాయల ఊరు, చేపల చెరువుల ఊరు, అన్నిటికంటే ముందు ఉప్పుగాలి ఊరు. పేరుపాలెం సముద్రం మీదుగా వచ్చే ఆ గాలికి కిటికీ ఊచలు, సైకిలు చైన్లు, గేటు మడతబందులు ఏవీ ఆగవు. ఇనుముకు మా వైపు ఆయుర్దాయం తక్కువ. ఈ సంగతి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా 2018లో ఆ బండి క్రిందకు వంగి చూడలేదు.

ఒకప్పుడు మా సీమలో సరుకంతా కాలవల మీద పడవల్లో పోయేదని తాతయ్య చెప్పేవాడు. రోడ్లు పడ్డాక లారీలు వచ్చాయి. లారీకి ఎక్కువ, ఎడ్లబండికి తక్కువ అయిన సరుకు ఎప్పుడూ ఉండేది, దానికి తగిన బండి మాత్రం చాలాకాలం లేదు. 1980ల మధ్యలో జపాను కంపెనీల సాంకేతిక సహకారంతో నాలుగు రకాల చిన్న లారీలు దేశంలోకి దిగాయి. వాటిలో ఆల్విన్ నిస్సాన్ మన జహీరాబాదులోనే తయారయ్యేది. 1986లో టాటా 407, 2005లో టాటా ఏస్ వచ్చాక సందుగొందుల్లోకి కూడా డీజిలు బండి చొరబడింది. ఉత్తరాది వాళ్ళు ఏస్‌ను ముద్దుగా ఛోటా హాథీ అంటారు. మా వాళ్ళు దానికే ముద్దుపేరూ పెట్టలేదు, ఎత్తగలిగినంత బరువు ఎత్తారు, అంతే.

తమ్ముడు కొన్నది ఈ రెండూ కాదు. టన్నుంబావు మోసే పికప్పు. ఏ కంపెనీదో చెప్పను, తప్పు కంపెనీది కాదు కనుక. 2009 నాటిది, ఏపీ 37 నంబరు. కొత్తది కొనాలంటే ఆనాడు ఏడు లక్షల పైమాటే. ఇది రెండు లక్షల ఎనభై అయిదు వేలకు బేరం కుదిరింది. అమ్మ గాజులు రెండు జతలు తాకట్టుకు వెళ్ళాయి, నేనొక లక్ష సర్దాను. "అన్నయ్య ఇంజనీరు, వాడొకసారి చూసి సరేనంటే కొందాం" అని వాడు ఇంటిల్లిపాదికీ చెప్పుకున్నాడు.

నేను చూశాను. ఆర్.సి. చూశాను, ఇన్సూరెన్సు చూశాను, ఫిట్‌నెస్ కాగితం చూశాను. అప్పిచ్చిన ఫైనాన్సు వారి నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, ఫారం 35 ఉన్నాయో లేవో అడిగి మరీ తీసుకున్నాను. మీటరులో కిలోమీటర్లు చూసి తొమ్మిదేళ్ళతో భాగహారం చేశాను. తాళం తిప్పగానే ఇంజను ఠక్కున అందుకుంది. పెయింటు నిగనిగలాడుతోంది. అడుగున కూడా నల్లరంగు తళతళమంటోంది. అమ్మేవాడు ఎంత శుభ్రంగా పెట్టుకున్నాడో కదా అని ముచ్చటపడి, "తీసుకోరా" అన్నాను.

మూడు వారాలకు, కొబ్బరికాయల లోడుతో చించినాడ వంతెన ఎక్కుతుండగా వేడిముల్లు ఎర్రగీత దాటింది. బండి అక్కడే నిలబడిపోయింది.

నరసాపురం రోడ్డులో మా వాళ్ళు నమ్మే మెకానిక్ ఒకాయన ఉన్నారు. అరవై దాటిన మనిషి, లారీ క్లీనరుగా మొదలై విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకుని వచ్చినవారు. కట్టి లాక్కొచ్చిన బండిని చూసి ఆయన ముందడిగిన మాట, "కొన్నప్పుడు బానెట్టు మీద చెయ్యేసి చూశారాండి?" అని. నాకు అర్థం కాలేదు. "వేడిగా ఉందా, చల్లగా ఉందా అని బాబుగారూ. మీరొచ్చే ముందే తిప్పి వేడి చేసేసుంటాడు. వేడింజను ఎవడికైనా అందుకుంటాదండి. రాత్రంతా పడుకున్న ఇంజను తెల్లారగట్ట లేస్తుందో లేదో చూడాలండి."

ఆ తరువాత గంటసేపు ఆయన నాకు చెప్పిన పాఠం నా నాలుగేళ్ళ కాలేజీలో ఎవరూ చెప్పలేదు. అనడం సరికాదేమో, చెప్పారు, నేను దాన్ని పరీక్షకు వాడుకుని వదిలేశాను. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని పద్దెనిమిది, ఇరవై వంతుల మేర కుదించితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. రింగులూ బోరూ అరిగితే కుదించిన గాలి సందుల్లోంచి క్రిందికి, నూనె ఉన్న గదిలోకి కారిపోతుంది. చల్లని ఉదయం ఇంజను లేవనని మొరాయించేది అందుకే. ఇది నాకు తెలుసు. నూనె పోసే మూత తీసి, ఇంజను నడుస్తుండగా ఆ రంధ్రం దగ్గర అరచెయ్యి పెడితే ఆ కారిన గాలి ఎంతో చేతికే తెలుస్తుందన్నది మాత్రం తెలియదు. దీన్ని వారు బ్యాక్ కంప్రెషన్ అంటారు. మూత తీశారు. పొయ్యిగొట్టంలోంచి వచ్చినట్లు పొగ బుసబుసమంది.

"సైలెన్సరు పొగ రంగు చూశారాండి?" ఇది రెండో ప్రశ్న. నల్లపొగ అయితే గాలి తక్కువై డీజిలు ఎక్కువైనట్టు, ఫిల్టరుతోనో ఇంజెక్టర్లతోనో సరిపోవచ్చు. తెల్లపొగ తెల్లవారుఝామున కాస్త వచ్చి పోతే దోషం లేదు. ఆగకుండా వస్తూ రేడియేటరులో నీళ్ళు తగ్గిపోతుంటే హెడ్ గాస్కెట్ పోయినట్టు. నీలిపొగ అంటే ఇంజను తన నూనెను తానే తాగుతున్నట్టు. "నీలిపొగ కనబడకుండా చిక్కటి నూనె పోసి అమ్ముతారండి, నెల్రోజులు లాగుతాది. మీకు మూడు వారాలే లాగింది" అన్నారాయన. వెక్కిరింపు లేదు, జాలి కూడా లేదు, బీపీ ఎంతో చెప్పే డాక్టరు గొంతు అది. డిప్‌స్టిక్కు పైకి లాగి చూపారు. నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంది. నీళ్ళు కలిశాయన్నమాట.

తమ్ముడు నన్నేమీ అనలేదు. దూరంగా నిలబడి కొబ్బరికాయలు వేరే బండిలోకి ఎక్కిస్తున్నాడు. ఏమైనా అని ఉంటే బాగుండేది.

వాడికొక పద్దుపుస్తకం ఉంది. అందులో మొదటి ఏడాది లెక్క ఇలా ఉంటుంది: హాఫ్ ఇంజను, అంటే బోరింగు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, గాస్కెట్లు, లేతు మిషను దగ్గర హెడ్డు చదును, మజూరీ, అన్నీ కలిపి 62,400. పంపూ ఇంజెక్టర్లూ విప్పించి కాలిబ్రేషను 18,000. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు సహా 9,500. వెనుక కమాను కట్టలు 7,000. కట్టలు ఊరికే విరగలేదు. టన్నుంబావు మోయవలసిన బండి మీద రెండున్నర టన్నులు వేయడం మా సీమలో ఎవరికీ తప్పుగా తోచదు. క్లచ్చు కూడా ఆ లెక్కలోదే. బండి ఆగిన రోజులు నలభై ఒకటి, వాటికి ధర కట్టలేదు.

వీటన్నిటికంటే భయపెట్టింది చివరి పద్దు, చాసిస్ 22,000.

ఇంజను బాగుపడిన ఆరు నెలలకు, గతుకుల్లో పోతుంటే వెనుక నుంచి ఏదో కిర్రుమంటోందని తీసుకెళ్ళాడు. ఆ మెకానిక్ గారు బండి క్రింద పడుకుని, ఆ నిగనిగలాడే నల్లరంగు మీద స్క్రూడ్రైవరు మొనతో పొడిచారు. పెచ్చులు పెచ్చులుగా ఊడి ముఖం మీద రాలింది. బండి పూర్వజన్మలో చేపలు మోసింది. థర్మోకోల్ పెట్టెల్లో ఐసు కరిగి, చేపల జిగురూ ఉప్పూ కలిసిన నీరు చెక్కపలకల సందుల్లోంచి చాసిస్ మీదికి రాత్రింబవళ్ళు కారుతుంది. రెండు రేకులు ఒకదానిమీద ఒకటి కలిసే చోట, కట్టలు వ్రేలాడే బ్రాకెట్ల దగ్గర, ఆ నీరు ఇరుక్కుని లోలోపలే తింటుంది. పైన రంగు పూస్తే తినడం ఆగదు, కనబడడం ఆగుతుంది. కుడివైపు పట్టీ వెనుక ఇరుసుకు కాస్త ముందు జానెడు మేర బీట పడి ఉంది. తొట్టి మొత్తం దింపి, బీటకు అతుకు వేసి, దానికి లోపలివైపు మందపాటి రేకు వెల్డింగు చేయించారు. ఆ రేకు కొసలు నిలువుగా కాక ఏటవాలుగా కోయించారాయన, బరువంతా ఒకే గీత మీద పడితే మళ్ళీ అక్కడే విరుగుతుందని. బలాల విశ్లేషణ మీద డిస్టింక్షను తెచ్చుకున్న నేను టార్చిలైటు పట్టుకున్నాను.

అది విరిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించే అలవాటు నాకు చాలా రోజులు పోలేదు. తమ్ముడు రాత్రుళ్ళు ఒక్కడే నడిపేవాడు.

తరువాత బండి బాగానే సంపాదించిపెట్టింది. 2021లో అమ్మ గాజులు విడిపించాడు. నా లక్ష కూడా ఇచ్చేశాడు, వద్దంటే వినలేదు. 2020 ఏప్రిల్ నుంచి కొత్తబండ్లన్నీ బి.ఎస్. 6 కావడంతో, వాటికి కంప్యూటరు తగిలిస్తే తప్ప రోగం తెలియదని పల్లె మెకానిక్కులు వాటిని ముట్టుకోవడానికి జంకేవారు, పాతబండికి గిరాకీ నిలిచింది. అయితే 2024లో బండికి పదిహేనేళ్ళు నిండుతాయి. ఆ వయసు దాటిన రవాణా బండ్లకు ఫిట్‌నెస్ రుసుము 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగింది. అందుకే అమ్మకం.

నరసాపురం ఎక్స్‌ప్రెస్ దిగి ఇంటికి వెళ్ళేసరికి బండి కడిగి ఉంది. కొనేవాడు పాతికేళ్ళ కుర్రవాడు, మధ్యాహ్నం వస్తానన్నాడు. నేను క్రిందకు వంగి చూశాను, ఈసారి చూశాను. వెల్డింగు దగ్గర మళ్ళీ తుప్పు ఎర్రగా తేలింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నా నోట వచ్చిన మాట ఇది: "ఒరేయ్, ఓ డబ్బా నల్లరంగు తెచ్చి అడుగున కొట్టించలేకపోయావా, చూడ్డానికి బాగుండేది."

వాడు నవ్వలేదు. "మనకి అమ్మినాయనకి కూడా వాళ్ళన్నయ్య ఇలాగే చెప్పుంటాడు" అన్నాడు.

కుర్రవాడు రాగానే వాడే టార్చి చేతికిచ్చి క్రింద పడుకోమన్నాడు. గోనెసంచి కూడా పరిచాడు. అతుకు ఎక్కడుందో, ఎప్పుడు వేయించాడో, ఏ మెకానిక్కు వేశారో చెప్పి పద్దుపుస్తకం తీసి పేజీ చూపించాడు. లక్షా నలభై అయిదు వేలు చెప్పిన బేరం లక్షా పదికి దిగింది. ముప్ఫై అయిదు వేలు నా కళ్ళముందే పోతున్నా నేను నోరు మెదపలేదు.

కుర్రవాడు వెంటనే తీసుకుపోతానన్నాడు. తమ్ముడు ఒప్పుకోలేదు. "రాత్రికి బండి ఇక్కడే ఉంటాది. తెల్లారగట్ట అయిదింటికి వచ్చి నువ్వే తాళం తిప్పు" అన్నాడు. వాడు నిజంగానే వచ్చాడు, మంచు ఇంకా విడలేదు. నేను సైలెన్సరు వెనుక నిలబడ్డాను. రెండుసార్లు తిప్పితే అందుకుంది. తెల్లగా కాస్త పొగ వచ్చి విడిపోయింది. ఫారం 29, 30 మీద సంతకాలు ముందురోజే అయ్యాయి. బండి మలుపు తిరిగాక తమ్ముడు పద్దుపుస్తకం కోసం జేబు తడుముకుని, దాన్ని బండిలోనే వదిలేశానన్నాడు.