సూరత్‌లో చిక్కకుండా సూరత్ దాటాలంటే

గుజరాతీలో గామ్ అంటే ఊరు, నవాగామ్ అంటే కొత్తూరు. తెలుగునాట జిల్లాకో కొత్తూరు ఉన్నట్టే గుజరాత్‌లో నవాగామ్‌లకు కొదవ లేదు. ఒక్క సూరత్ చుట్టుపక్కలే కనీసం రెండున్నాయి. ఒకటి నగరానికి ఆగ్నేయాన, డిండోలీని ఆనుకుని, ఇళ్లూ చిన్న కార్ఖానాలూ కిక్కిరిసిన పేట. రెండోది నగరానికి తూర్పున కామ్రేజ్ చార్ రస్తా దగ్గర, ముంబై-ఢిల్లీ రహదారి పక్కన ఉంది. సెల్‌ఫోన్ మ్యాప్‌లో పేరు కొట్టి, మొదట కనిపించినదాన్ని నొక్కేసే ప్రయాణికుడిని అది ఏ నవాగామ్‌కు తీసుకెళ్తుందో చెప్పడం కష్టం.

కారులో వెళ్లేవారికైతే ఆ పొరపాటు విలువ మహా అయితే గంట ఆలస్యం. కారు వెనక క్యారవాన్ తగిలించుకుని వచ్చేవారి సంగతి వేరు. నాలుగున్నర మీటర్ల బండి, దాని వెనక అయిదారు మీటర్ల చక్రాల ఇల్లు. మలుపులో ముందు చక్రాలు పోయిన దారిన వెనక చక్రాలు పోవు, లోపలి వైపుకు కోసుకుపోతాయి. రివర్స్ చేయాలంటే స్టీరింగ్ తిప్పిన దిక్కుకు ఎదురు దిక్కున ట్రెయిలర్ తిరుగుతుంది. డిండోలీ వైపు సందులో ఒకసారి ముక్కు దూర్చాక వెనక్కి రావాలంటే బండి దిగి, కొక్కెం ఊడదీసి, నలుగురి సాయంతో ట్రెయిలర్‌ను చేత్తో తిప్పుకోవాల్సిందే.

మనదేశంలో ఇలా ఇంటిని లాక్కుని తిరిగేవారు ఇంకా అరుదే. అయినా చట్టానికి వాళ్లు కొత్త కాదు. కేంద్రం 2004 నవంబర్‌లో వాహనాలను వర్గీకరిస్తూ ఇచ్చిన నోటిఫికేషన్‌లో సొంత వాడకానికి ఉంచుకున్న క్యాంపర్ వ్యాన్‌కూ, ట్రెయిలర్‌కూ రవాణాయేతర వాహనాల జాబితాలో చోటిచ్చారు. కాగితం మీద చోటు దొరికింది కానీ రోడ్డు మీద దొరకాల్సిన చోటు మాత్రం ఎవరికి వారు వెతుక్కోవాల్సిందే.

హైదరాబాద్ నుంచి చలికాలంలో కచ్ రణ్‌కు బయల్దేరే కుటుంబాన్నే ఊహించుకోవచ్చు. మొదటి మెట్టు సులువు. 158 కి.మీ. అవుటర్ రింగ్ రోడ్డు ఉంది కాబట్టి నగరం ఏ మూల ఉన్నా చుట్టు తిరిగి పటాన్‌చెరు దగ్గర సోలాపూర్ రహదారి మీద దిగవచ్చు. సోలాపూర్ నుంచి కళ్లకు దగ్గరగా కనిపించే దారి పుణె, ముంబై మీదుగా పోతుంది. ట్రెయిలర్ ఉన్నవారు దాన్ని మరచిపోవడం మేలు. ఖండాలా ఘాట్, ఠాణే ట్రాఫిక్, ఘోడ్‌బందర్ రోడ్డు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. దూరం ఎక్కువ తక్కువల లెక్క ఎలా ఉన్నా ఆ దారిలో పోయే ఓపిక మళ్లీ పూడదు.

లారీలవాళ్లు ఎప్పుడో తేల్చుకున్న దారి వేరే ఉంది. సోలాపూర్ నుంచి ఉత్తరానికి తిరిగి ధూలే చేరడం, అక్కడి నుంచి జాతీయ రహదారి 53 పట్టుకుని పడమటికి సూరత్ వైపు రావడం. ధూలే వరకు మళ్లీ రెండు మార్గాలు. బీడ్, ఔరంగాబాద్ (2023 నుంచి ఛత్రపతి శంభాజీనగర్) మీదుగా వెళ్తే చాళీస్‌గావ్‌కు ముందు కన్నడ్ ఘాట్ అడ్డొస్తుంది. ఈ ఘాట్‌లో భారీ వాహనాలను 2023లో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం నిలిపివేసింది. క్యారవాన్ భారీ వాహనం కాకపోవచ్చు, కానీ లారీకి వద్దన్న మలుపుల్లో ట్రెయిలర్‌తో పందెం కాయడం దేనికి? కర్మాళా, అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్), శిర్డీ, మన్మాడ్, మాలేగావ్ మీదుగా పోయే రెండో దారి నమ్మదగినది. శిర్డీ ఎలాగూ తెలుగువారికి తెలిసిన దారే. అక్కడి నుంచి నాసిక్, సాపుతారా మీదుగా పోతే సూరత్ దగ్గరని చెప్పేవారు తప్పకుండా ఎదురవుతారు. దగ్గరే, కానీ సాపుతారా ఘాట్ మెలికలు ట్రెయిలర్ కోసం వేసినవి కావు.

ధూలే తర్వాత కొండాయిబారి ఘాట్ దిగితే నవాపూర్, ఆపైన గుజరాత్ సరిహద్దు. సోన్‌గఢ్, వ్యారా, బార్డోలీ వరుసగా వస్తాయి. 1928లో వల్లభ్‌భాయ్ పటేల్ శిస్తు వ్యతిరేక సత్యాగ్రహం నడిపిన బార్డోలీ ఇదే. ఇప్పుడు చుట్టూ చెరకు. చలికాలం రాగానే బార్డోలీ, చల్థాణ్, కామ్రేజ్ చక్కెర ఫ్యాక్టరీలకు చెరకు తోలడం మొదలవుతుంది. రోడ్డు నిండా గడలు వెలికి పొడుచుకొచ్చిన లారీలూ, ట్రాక్టర్లూ ఉంటాయి. చాలావాటికి వెనక దీపాలుండవు. రణ్ ఉత్సవ్ జరిగేదీ, చెరకు కదిలేదీ ఒకే రుతువు కావడం యాత్రికుడి దురదృష్టం. రాత్రిపూట ఈ దారిలో ట్రెయిలర్ లాగడం కంటే వ్యారాలోనో బార్డోలీలోనో పడక వేయడం తెలివైన పని.

పల్సాణా దగ్గర ఈ రహదారి జాతీయ రహదారి 48ని కలుస్తుంది. పాత లెక్కలో చెప్పాలంటే ఆరో నంబరు ఎనిమిదో నంబరును కలిసే చోటు. నంబర్లు మారి దశాబ్దం దాటినా ధాబాల్లో దారి అడిగితే పాత అంకెలే వినిపిస్తాయి. నేరుగా పడమటికి పోతే సచిన్, హజీరా. కుడికి, ఉత్తరానికి తిరిగితే కడోదరా, కామ్రేజ్, భరూచ్. పల్సాణా నుంచి కామ్రేజ్ నవాగామ్ వరకు ఉన్న ఈ సుమారు పాతిక కిలోమీటర్లే మొత్తం ప్రయాణంలో అసలు పరీక్ష.

కాగితం మీద చూస్తే ఇది సూరత్‌ను తప్పించుకునే దారి. నగరం నడిబొడ్డుకు పదిహేను కిలోమీటర్లకు పైగా ఎడంగా పోతుంది. ఒకప్పుడు నిజంగానే ఊరికి దూరం. నగర జనాభా 2001లో 24 లక్షలు, 2011 నాటికి 44 లక్షలు దాటింది. మధ్యలో 2006లో నగరపాలక సంస్థ విస్తీర్ణం 112 చదరపు కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా 326కు పెరిగింది. పట్టణం రహదారి దగ్గరికి నడిచి వచ్చేసింది. కడోదరాలో మగ్గాల షెడ్లు, రంగుల మిల్లులు రోడ్డు దాకా ఉన్నాయి. షిఫ్టు మారే వేళ కార్మికులు సైకిళ్ల మీద, ఆటోల్లో ఎదురు దిశలో వస్తుంటారు. పక్క గ్రామంలోకి వెళ్లాల్సినవాడికి ఇది జాతీయ రహదారి కాదు, ఇంటి ముందు వీధి. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. వంతెన కిందికి రెండు కిలోమీటర్లు చుట్టు తిరిగి రమ్మంటే కాలినడక మనిషి ఎలా వస్తాడు?

ట్రెయిలర్ ఉన్నవారు ఇక్కడ కిలోమీటర్లు లెక్కపెట్టకూడదు, వేళ లెక్కపెట్టుకోవాలి. తెల్లవారుజామున పల్సాణాలో ఉంటే సూర్యోదయానికి తాపీ నది దాటేయవచ్చు. ఉదయం తొమ్మిదికి వస్తే కడోదరా కూడలిలోనే ఎండ ఎక్కుతుంది. ఫ్లైఓవర్ కనిపిస్తే పైనుంచే పోవాలి. టీ కోసమో డీజిల్ కోసమో సర్వీసు రోడ్డులోకి దిగితే తిరిగి పైకెక్కడం గగనం. పెట్రోలు బంకును ముందే ఎంచుకోవాలి, లారీలు తిరగడానికి జాగా ఉన్నదాన్ని. మ్యాప్ ఎర్రగీత చూపించి ఎడమకు తిరగమంటే వినకూడదు. ఎడమకు అంటే సూరత్ లోపలికి. అక్కడ మొదట సారోలీ బట్టల మార్కెట్ల మూటల లారీలు, తర్వాత రైలు కట్ట కింది దారులు. వీటిని ఇక్కడ గర్‌నాలా అంటారు. కారుకు అందే ఎత్తు, నెత్తిన ఏసీ పెట్టుకున్న క్యారవాన్‌కు అందకపోవచ్చు. పైగా పగటివేళ భారీ వాహనాలకు నగర పోలీసుల ఆంక్షలున్నాయి.

అంత లోపలికి వెళ్లే పని తెలుగువాళ్లకు ఉంది. లింబాయత్, డిండోలీ వైపు పేటల్లో వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి మరమగ్గాలను నమ్ముకుని వచ్చిన నేత కుటుంబాలు స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు నడుపుతోంది. మొదటి నవాగామ్‌లో చుట్టాలున్న యాత్రికుడు చేయాల్సింది ఒక్కటే. రెండో నవాగామ్ దగ్గర రహదారి పక్కన, అడిగి అనుమతి తీసుకున్న చోట క్యారవాన్ నిలిపి, కారు విడదీసుకుని వెళ్లి రావడం.

పెద్ద బండ్లను ఊరి బయటే ఆపితే ఎవరు నష్టపోతారో సూరత్‌కు ఒకసారి తెలిసొచ్చింది. 2023 ఫిబ్రవరిలో ప్రైవేటు బస్సులు వేళ కాని వేళ లోపలికి వస్తున్నాయని వరాఛా ఎమ్మెల్యే కుమార్ కానాణీ పోలీసులకు లేఖ రాశారు. ఆగ్రహించిన బస్సుల యజమానులు అసలు లోపలికే రామంటూ ప్రయాణికులను కామ్రేజ్ వైపున్న వాలక్ పాటియా దగ్గర దించేయడం మొదలుపెట్టారు. సౌరాష్ట్ర నుంచి రాత్రంతా ప్రయాణించి వచ్చిన వజ్రాల కార్మికుల కుటుంబాలు సామాన్లు, పిల్లలతో రోడ్డు మీద నిలబడ్డాయి. బస్సు ఛార్జీకి ఆటో ఛార్జీ తోడైంది. లోపలివారికి ఊపిరాడటం కోసం తీసుకున్న నిర్ణయం లోపలివారి బంధువుల జేబునే కోసింది.

దీనికి పరిష్కారంగా ప్రభుత్వాలకు తోచిందల్లా ఇంకాస్త బయట ఇంకో రోడ్డు వేయడమే. సుమారు 66 కి.మీ. అవుటర్ రింగ్ రోడ్డు పథకం వాలక్ మీదుగా తాపీ దాటుతుంది. అదీ చాలదన్నట్టు తూర్పున ఢిల్లీ-ముంబై ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. వదోదర-భరూచ్ మధ్య 87 కి.మీ. భాగాన్ని ప్రధాని మోదీ 2024 ఫిబ్రవరి 22న ప్రారంభించారు. సూరత్ జిల్లాలో అది కిమ్, ఎనా గుండా వెళ్తుంది. ఎనా ఉన్నది పల్సాణా తాలూకాలోనే. ఎక్స్‌ప్రెస్‌వే మీదికి ద్విచక్ర వాహనాలు, ఆటోలు, ట్రాక్టర్లు రావు. అంటే చెరకు బండి ఉండదు, ఎదురుగా వచ్చే సైకిలూ ఉండదు. ట్రెయిలర్ లాగేవారికి అంతకంటే కావాల్సింది లేదు. బయల్దేరే ముందు రోజు ఏ ర్యాంపు తెరిచి ఉందో కనుక్కోవడం మాత్రం మరవకూడదు. ర్యాంపు మూసి ఉంటే అక్కడ వెనక్కి తిరగడం డిండోలీ సందులో తిరగడం కంటే సులువేమీ కాదు.

కామ్రేజ్ దాటాక కథ తేలిక. తాపీ వంతెన, టోల్ గేటు, ఆ తర్వాత అంక్లేశ్వర్, భరూచ్. నర్మద మీద పాత సర్దార్ వంతెన దగ్గర ఒకప్పుడు గంటల తరబడి వాహనాలు నిలిచిపోయేవి. 2017 మార్చిలో కొత్త తీగల వంతెన తెరిచాక ఆ బెడద చాలావరకు తీరింది. ఇప్పుడు అక్కడ వేగం తగ్గించేది ట్రాఫిక్ కాదు, నది మీదుగా వీచే గాలి. ఎత్తయిన క్యారవాన్‌ను అది పక్కకు నెడుతుంది. స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని ఎడమ లేన్‌లో నిదానంగా దాటితే వదోదర మరి గంటన్నర.