పటమునకు అట్ట కిటికీ

పటము కట్టించుట యనగా కఱ్ఱచట్రము, ముందొక యద్దము, వెనుక నొక యట్ట యని మనలో పలువురి తలంపు. పటమునకును అద్దమునకును నడుమ కిటికీవలె కోసి పెట్టు మఱియొక యట్ట కలదు. అంగళ్లలో దానిని మౌంటు అందురు. అది కలవారి యిండ్ల సొగసని యెంచి, నాలుగు రూపాయలు మిగులునని దానిని మానుకొందుము. అది సొగసు మాత్రమే కాదు, పటమునకు కాపుదల. అద్దమును పటమునకు తగులనీయకుండుటయే దాని ముఖ్యమైన పని.

వానకాలమున అద్దము లోపలివైపు చెమర్చును. అద్దమును తాకియున్న ఛాయాచిత్రపు పైపూత ఆ తడికి మెత్తబడి, ఆఱునపుడు అద్దమునకే అంటుకొనును. మా తల్లిగారి ఛాయాచిత్రము ఒక్కటియే యుండెను. పటములు కట్టువాడొకడు దానిని అద్దమునకు ఒత్తి కట్టియిచ్చెను. మూడు వానకాలములు గడచిన పిమ్మట విప్పిచూడగా ఎడమ చెక్కిలియు, చెవికమ్మయు అద్దమును పట్టుకొనియున్నవి. లాగినచో ముఖమే పోవును గనుక అద్దముతోడనే దాచియుంచితిమి. మీ గోడలమీద నిట్టివి యున్నచో ఈ వానలకు ముందే యొకసారి విప్పి చూడుడు. అంటుకొని యుండినచో మాత్రము లాగకుడు.

గత మాఘమున మా యత్తగారి పెట్టెలో లక్ష్మీదేవి పటమొకటి దొరకినది. రవివర్మగారు 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయపు రంగుల అచ్చు అది. పూర్వము స్త్రీలు ఇట్టి పటములలోని చీరలకు జరీయు, తళుకులును కుట్టి యలంకరించెడివారు. మా యత్తగారి యత్తగారు ఈ లక్ష్మికి అంచు పొడవునను జరీ కుట్టిరి. అంగడికి తీసికొనిపోగా, సిద్ధముగా నున్న చట్రమునకు సరిపడునట్లు క్రింది యంచు కత్తిరింతునని యతడనెను. ముద్రణాలయము పేరుండునది ఆ యంచుననే! పటమును తిరిగి యింటికి తెచ్చుకొంటిమి.

మా యత్తగారికి మొదట ఈ పని రుచింపలేదు. “అమ్మవారి చుట్టును అట్టగోడ యెందులకే అమ్మాయీ?” అనిరి. “మీ యత్తగారి జరీ అద్దమునకు రాచుకొనకుండుటకు, అత్తయ్యగారూ” అంటిమి. కొంతసేపూరకుండి, “అట్లయిన దళసరిగానే కోయుము” అనిరి.

అట్టను ఎన్నుకొనుటలోనే సగము పని కలదు. మిఠాయిపెట్టెల యట్ట, పాత పంచాంగపు అట్ట పనికిరావు. కఱ్ఱగుజ్జుతో చేసిన చౌక అట్టలోని ఆమ్లము కొన్నియేండ్లకు పటముమీద కిటికీ చుట్టును గోధుమరంగు గీటు దింపును. చిత్రకారుల సామగ్రి అమ్మెడి అంగళ్లలో ఆమ్లము లేని ప్రత్తినార అట్ట అడిగి తెచ్చుకొనవలెను. మేము లేత మీగడరంగు తెచ్చితిమి. బంగారురంగు అట్ట జరీతో పోటీపడును.

మా పటము 14 అంగుళముల వెడల్పు, 20 అంగుళముల పొడవు. అంచు ప్రక్కకు పావు అంగుళము కప్పునట్లు 13½, 19½ అంగుళముల కిటికీ గీచితిమి. ముద్రణాలయము పేరు అంచునకు అర్ధాంగుళము పైన నున్నందున మరుగుపడలేదు. కిటికీకి పైనను ప్రక్కలను 2½ అంగుళములు, క్రింద 3 అంగుళములు విడిచితిమి. నాలుగువైపులను సమముగా విడిచినచో పటము క్రిందికి జాఱినట్లు కంటికి తోచును. మావారు వచ్చి, ఎదుటి భుజములు సమమైనంత మాత్రమున చాలదనియు, రెండు కర్ణములును కొలిచి చూడుమనియు బడిపిల్లలకు చెప్పినట్లే చెప్పిరి. కొలువగా ఒక మూల నూలుపోగంత తేడా కనబడినది.

కోయునపుడు క్రింద పనికిరాని యట్ట పఱచి, ఇనుపబద్దను గట్టిగా నొక్కిపట్టి, క్రొత్త బ్లేడుతో తేలికగా నాలుగైదు మార్లు గీయవలెను. ఒక్క ఊపున తెగవలెనని ఒత్తినచో బ్లేడు ప్రక్కకు జాఱును. వ్రేళ్లకును మంచిది కాదు. మూలను కాస్త నార తెగక నిలిచినచో లాగరాదు, బ్లేడుమొన దూర్చి విడిపింపవలెను. అంగళ్లలో 45 డిగ్రీల యేటవాలుగా కోసి తెల్లనిగీటు కనబఱచెదరు. దానికి వేఱొక పనిముట్టు కావలెను. మాకు నిటారుకోతయే చాలుననిపించినది.

జరీ యెత్తునకు ఒక యట్ట చాలదు. రెండవదానిలో కిటికీని ప్రతిప్రక్కను అంగుళములో ఎనిమిదవవంతు పెద్దదిగా కోసి మొదటిదాని వెనుక అంటించితిమి. ఇప్పుడు జరీకిని అద్దమునకును నడుమ గాలి యాడుచున్నది. పటమునకు మాత్రము జిగురు తగులనీయలేదు. కాగితముతో నాలుగు చిన్న మూలసంచులు మడిచి, వానిని వెనుక అట్టకంటించి, పటపు కొనలను అందులో దూర్చితిమి. రేపు ఎవరికి కావలసినను పటము చిరుగక వెలికివచ్చును.

ఎండ పడు గోడకును, స్నానపుగది గోడకును తగిలింపక, నడవలో తగిలించితిమి. చట్రము వెనుక క్రిందిమూలలకు రెండు బెండుముక్కలు అంటించుటచే పటము గోడచెమ్మకు కొంచెము ఎడముగా నుండును. శుక్రవారము మా యత్తగారు బొట్టు అద్దమునకే పెట్టెదరు. దానిని పిండిన గుడ్డతో తుడువవలెనే గాని నీళ్లు చల్లరాదు. చట్రపు సందున దిగిన నీరు సరిగా అట్టను చేరును.