చివరిసారి ఎవరు చూశారు?

పక్షవాతం వచ్చిన మనిషిని రాత్రిపూట పెద్దాసుపత్రికి తీసుకెళితే డ్యూటీ డాక్టరు ముందుగా అడిగేది ఒకటే. 'ఈమె మామూలుగా ఉండగా చివరిసారి ఎప్పుడు చూశారు?' తర్వాతి వైద్యం చాలావరకు ఆ జవాబు మీదే నడుస్తుంది. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అంతకుముందు సీటీ స్కాన్ తీసి మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకోవాలి. ఉంటే అదే మందు ప్రాణం తీస్తుంది. రక్తం అందని ఒక్కో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో లెక్కగట్టారు. ఈ గడువు మొదలయ్యేది మూతి వంకరపోయిందని మనం గమనించినప్పటి నుంచి కాదు, ఆ మనిషిని చివరిసారి బాగుండగా చూసినప్పటి నుంచి.

నాలుగేళ్ల క్రితం మా చిన్నత్తను తిరుపతికి తెచ్చినప్పుడు ఈ ప్రశ్నకు మగవాళ్లెవరి దగ్గరా జవాబు లేదు. చిత్తూరు దగ్గర పల్లె వాళ్లది. ఆ సాయంత్రం ఆమె పాలు పితికింది, సంగటి కెలికింది, అందరికీ పెట్టింది. ఆమె తినిందో లేదో ఎవరికీ తెలీదు. "ఇంట్లోనే ఉండాది గదా సార్" అన్నాడు మామ. ఇంట్లో ఉండటం వేరు, ఒకరి కంటికి కనబడటం వేరు అని అప్పుడే తెలిసింది నాకు.

నర్సు వెనక నిలబడ్డ కోడలిని పిలిచి అడిగింది. "తొమ్మిదికి అంట్లు నేను తోముతానంటి. వద్దు, పోయి బిడ్డను పండుకోబెట్టు అనింది. మాట తేటగా ఉండాది" అందా పిల్ల. పదకొండుకు నీళ్లకని లేచి, వంటింట్లో ఒరిగిపోయిన అత్తను చూసిందీ ఆమే. అప్పటిదాకా ఆమెను ఎవరూ అడగలేదు.

తొమ్మిది నుంచి లెక్కేస్తే ఒకటిన్నరకు గడువు తీరిపోయింది. వాళ్లు చేరింది మూడింటికి. చిత్తూరు నుంచి తిరుపతి 70 కిలోమీటర్లే. మరి మిగతా సమయం ఏమైంది? బెంగుళూరులో ఉన్న పెద్దకొడుకు ఫోనెత్తి సరేననే దాకా ఒక గంట. పక్క ఊరి నర్సింగ్ హోమ్‌లో రాత్రిపూట స్కాన్ తీసేవాళ్లు లేరు. సెలైన్ పెట్టి, గంటన్నర తర్వాత చీటీ రాసి పంపారు. పక్షవాతానికి నాటుమందు ఇచ్చే ఊరుగా విరూపాక్షపురానికి మా జిల్లాలో పేరుంది. 'తెల్లారనీ, అక్కడికి పోదాం' అన్నవాళ్లూ ఉన్నారు. 108కు ఫోన్ చేద్దామని కోడలు రెండుసార్లు అందట. ఆ బండి 2005 నుంచీ ఉంది. పిలిచే హక్కే ఆ ఇంట్లో ఆమెకు లేదు.

అత్త బతికింది. కుడిచెయ్యి రాలేదు, మాట సరిగా రాలేదు. ఆమె చేసిన చాకిరీ ఇప్పుడు కోడలి నెత్తిన పడింది.

రాత్రిపూట స్కాన్ తీసే మనిషి కావాలనీ, పంపే ఆసుపత్రి చేరే ఆసుపత్రికి ముందే ఫోన్ చెయ్యాలనీ మనం గట్టిగానే అడగాలి. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబాటు, ఈ మూడింటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దని చెప్పాలి. ఇవన్నీ సమకూరినా ఇంకొకటి మిగులుతుంది. ఇంటిల్లిపాదికీ ఎప్పుడు ఆకలేసిందో, ఎవరికి జ్వరమొచ్చిందో కనిపెట్టి చూసే మనిషిని ఆ ఇంట్లో కనిపెట్టేదెవరు? చూసినవాళ్ల మాటకు విలువిచ్చేదెవరు?