శివరాత్రి దాకా ఆగండి

సంక్రాంతికి కనిగిరి నిండుతుంది. పనులకని బెంగళూరు, హైదరాబాదు వెళ్లినవాళ్లంతా బస్సులు దిగుతారు. తాళాలు పడిన ఇళ్లు తలుపులు తెరుస్తాయి. పిలకాయలు వచ్చీరాగానే వెతికేది అరిసెల డబ్బా కాదు, కొట్టం వెనక వామి కింద కుక్క పెట్టిన పిల్లల్ని.

ఆ కూనలు సరిగ్గా పండక్కే బయటికి రావడం కార్తెల లెక్క. చిత్తకార్తె కుక్కలని పెద్దలు ఊరికే అనలేదు. అక్టోబరు రెండో వారం నుంచి నాలుగో వారం దాకా వీధికుక్కలు జతకట్టే అదను. చూలు 63 రోజులు, కాస్త అటూ ఇటూ. డిసెంబరు నడిమినుంచి ఈనడం మొదలవుతుంది. భోగి నాటికి కూనలకి మూడు నాలుగు వారాలు. కళ్లు విచ్చి, తప్పటడుగులు వేస్తూ, చెయ్యి పెడితే నాకుతుంటాయి. చూసినవాళ్లకి ఎత్తుకుపోవాలనిపించే వయసు అదే. ఎత్తుకుపోకూడని వయసు కూడా అదే.

ఎనిమిది వారాలైనా నిండాలి. పాల కోసం మాత్రమే కాదు. ఆటలో గట్టిగా కొరికితే తోబుట్టువు కీచుమని ఆట మానేస్తుంది. పంటికి ఎంత బలం పెట్టాలో కూన నేర్చుకునేది అక్కడే. ఆ చదువు అయ్యేసరికి ఫిబ్రవరి వస్తుంది, శివరాత్రి దగ్గరపడుతుంది. ఒంగోలు గిత్తల సీమ మనది. పాలు మరవని దూడను తల్లినుంచి విడదీసి అమ్మడానికి మన రైతుకి చెయ్యి రాదు. కనుమ నాడు ఎద్దుల కొమ్ములు కడిగి రంగులేసే ఇంట్లో ఈ కూనకీ అంతపాటి న్యాయం జరగాలని నా కోరిక.

పైగా పండగ ఇల్లు దానికి పనికొచ్చే చోటు కాదు. రోజులో ముప్పాతిక భాగం నిద్రపోవాల్సిన ప్రాణి చుట్టాల చేతుల్లో నలుగుతుంది. ప్రేమకొద్దీ ఒకరు గేదెపాలు పోస్తారు, విరేచనాలు పట్టుకుంటాయి. ఇంకొకరు కోడికూర ముక్క వేస్తారు. ఉడికిన ఎముక చీలి పేగుకి గుచ్చుకుంటుంది, కూరలోని ఉల్లిపాయ, వెల్లుల్లి కుక్క నెత్తురును పాడుచేస్తాయి. పాయసంలో ఎండుద్రాక్ష మూత్రపిండాల మీదికి వస్తుంది. ముక్కనుమ దాటగానే బస్సులు కదులుతాయి. మిగిలేది మోకాళ్ల నొప్పుల అవ్వ, తల్లికి దూరమైన కూన.

కాబట్టి పండగకి దూరం నుంచే చూడండి, పాలిచ్చే తల్లికి రోజూ ఇంత అన్నం, శుభ్రమైన నీళ్లు పెట్టండి. అది ఈనిన కుక్క, పిల్లల జోలికి పోతే కరుస్తుంది. పన్ను దిగితే సబ్బు నీళ్లతో పావుగంట కడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. పసరు మందు, కారం పెట్టడం వద్దు.

శివరాత్రి తర్వాత తెచ్చుకునేది ఇంట్లో నిలకడగా ఉండే మనిషి ఉంటేనే. తల్లి పడుకున్న గోతం ముక్క కూడా తెచ్చి పక్కగా పరవండి. మొదటి రాత్రులు ఏడుస్తుంది. కొట్టొద్దు, బయట కట్టేయొద్దు, మంచం పక్కనే ఉంచండి. తిన్నాక ఒకసారి, నిద్ర లేవగానే ఒకసారి బయటికి తీసుకెళితే ఇల్లు తడపడం మెల్లమెల్లగా మానుతుంది. పశువుల డాక్టరుకి చూపించి నులిపురుగుల మందు, పార్వో టీకా వేయించాలి. పార్వో సోకితే నెత్తురు విరేచనాలతో రెండుమూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. మూడు నాలుగు వారాలకొకసారి, నాలుగు నెలలు నిండేదాకా ఆ టీకా మళ్లీ మళ్లీ పడాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. వీధిలో పుట్టిన కూనే కదా, దానికేం కాదనే మాట చాలా కూనల్ని చంపింది.

అంతలో మన ఎండలు, పెళ్లిళ్లు, తిరుపతి ప్రయాణాలు వస్తాయి. అప్పుడు కుక్కను కొత్తచోటికి మార్చడంకన్నా తెలిసిన మనిషే దాని దగ్గరికి రావడం మేలు. పక్కింటివాళ్లు ప్రయాణానికి ముందే కొన్నాళ్లపాటు అన్నం పెడుతుంటే వాళ్ల చెయ్యి దానికి అలవాటవుతుంది. తాళంచెవితో పాటు డాక్టరు నంబరు కూడా ఇవ్వాలి. నీళ్లు రెండు గిన్నెల్లో పెట్టించాలి, ఒకటి ఒలికినా ఇంకొకటి ఉంటుంది.